ఒళ్ళు ఆన్చిన నేల

మా శిల్పకళ తరగతిలో పద్నాలుగు మందిమి ఉండేవాళ్ళం. పదమూడు మందికి ఇరవై ఏళ్ళు అటూ ఇటూగా ఉంటాయి. పద్నాలుగో ఆవిడకి నలభై ఒకటి. మొదటి రోజు ఆవిడ తలుపు తోసుకుని లోపలికి రాగానే టీచరనుకుని మేమంతా లేచి నిలబడ్డాం. తన వెనకాల ఎవరొస్తున్నారా అని ఆవిడ కూడా వెనక్కి తిరిగి చూసింది. వరండా ఖాళీగా ఉంది. సంగతి అర్థమై, నవ్వాపుకుంటూ వచ్చి నా పక్క స్టూలు మీద కూర్చుని, సంచీలోంచి పెన్సిలు, రబ్బరు, దర్జీ టేపు తీసి బల్ల మీద పెట్టింది. టేపు చూసి వెనక వరసలో ఎవరో "టేపక్క" అన్నారు. ఇక మూడేళ్ళూ ఆవిడ పేరు అదే.

టేపక్క ఇరవై రెండేళ్ళు బట్టలు కుట్టింది. వాళ్ళది సందు చివర రెండంతస్తుల ఇంట్లో కింది వాటా. ముందు గదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, గోడకి నిలువుటద్దం, అద్దం పక్కన మేకులకి వేలాడే సగం కుట్టిన చొక్కాలు, గౌన్లు, స్కూలు యూనిఫారాలు. భర్త సిటీ బస్సు నడుపుతాడు. అక్కకి మొగుడు కాబట్టి మా క్లాసంతటికీ ఆయన బావగారయ్యాడు. ఒక్కతే కూతురు. ఆ అమ్మాయి చదువైపోయి ఉద్యోగంలో చేరిన నెలలోనే టేపక్క ఆర్టు కాలేజీకి దరఖాస్తు పెట్టింది. ఎందుకు పెట్టావని నేనొకసారి అడిగితే, ఇన్నేళ్ళూ ఎదురుగా నిలబడ్డ మనిషిని భుజం, ఛాతీ, నడుము అని ముక్కలు ముక్కలుగానే చూశాననీ, ముక్కలన్నీ కలిపితే ఏమవుతుందో చూడాలనిపించిందనీ చెప్పింది.

కోడలు పుస్తకాల సంచీ తగిలించుకుని బయల్దేరితే చుట్టాలు ముక్కు మీద వేలేసుకున్నారట. వాళ్ళ నోళ్ళు మూయించింది అత్తగారు. డెబ్బై నాలుగేళ్ళావిడ, నడుము వంగిపోయింది, నోరు మాత్రం నిటారుగానే ఉంది. "దానికి ఆలోచన వచ్చింది, వెళ్తోంది. నాకు రాలేదు, వెళ్ళలేదు. మధ్యలో మీకేంటి?" అందట.

కాలేజీ వెనక ఎకరన్నర వాలు నేల ఉంది. పైన తరగతి గదులు, కింద సన్నటి వాగు, మధ్యలో గడ్డి. మూడో ఏడాది చివర్లో శిల్పం సారు మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళి ఆఖరి పని అప్పజెప్పారు. ఆ వాలులో దొరికే వాటితోనే చేయాలి. మనిషి ఒళ్ళు లేనిదే ఆ పని అర్థం కాకూడదు. చూపించడం అయిపోయాక నేల మళ్ళీ నేల అయిపోవాలి. ఏడు వారాలు గడువు. ఇంతే చెప్పి ఆయన మెట్లెక్కి వెళ్ళిపోయారు.

శిల్పం సారు గురించి ఒక మాట చెప్పాలి. ఆయన టేపక్క కన్నా మూడేళ్ళు చిన్న. మమ్మల్ని నువ్వు అనేవారు, ఆవిడని మాత్రం మీరు అనేవారు. బాగుంది, బాగాలేదు అన్న మాటలు ఆయన నోట మేం విననే లేదు. దగ్గరికొచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని చూసి, ఒక ప్రశ్న వేసి పక్కవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయేవారు. ఆ ప్రశ్న పట్టుకుని మనం వారం రోజులు గింజుకోవాలి.

టేపక్క మొదట తనకి చేతనైన దారిలోనే వెళ్ళింది. వాగు ఒడ్డున వెడల్పాటి ఆకులు ఏరి, తుంగ చీల్చి దారం చేసి, ముళ్ళు గుండుసూదుల్లా గుచ్చి, నిలువెత్తు కోటు కుట్టింది. కాలరు, జేబులు, చేతుల చివర మడతలు, అన్నీ కుదిరాయి. కొమ్మకి తగిలిస్తే మేమంతా చుట్టూ తిరిగి చూశాం. సారు వచ్చి, "ఇది ఎవరి కొలత?" అన్నారు. ఎవరిదీ కాదు సార్, మామూలు సైజు అంది. "మరి ఎవరు తొడుక్కుంటారు?" అని ఆయన వెళ్ళిపోయారు. ఎవరూ తొడుక్కోలేరు. చెయ్యి దూర్చగానే చంక దగ్గర పిగులుతుంది. నాలుగో రోజుకి ఆకులు ఎండి, గాలికి కోటు సగం వాగులో పడింది.

ఆ మధ్యాహ్నం ఆవిడ గడ్డి మీద చతికిలబడి చాలాసేపు కూర్చుంది. నేను దూరంగా నా పుల్లల పనిలో ఉన్నాను. లేచి నాలుగడుగులు వేసిన మనిషి ఎందుకో వెనక్కి తిరిగింది. తను కూర్చున్న చోట గడ్డి అణిగి ఉంది. అక్కడే గొంతుక్కూర్చుని దాన్ని చూడటం మొదలుపెట్టింది. పది నిమిషాలైంది, ఇరవై అయింది. ఏమైనా పోయిందేమో, వెతుకుతోందేమో అనుకుని దగ్గరికెళ్ళాను.

"అక్కా, ఏం పోయింది?"

"ఏం పోలేదు. ఇది లేస్తోంది చూడు. ఒక్కో పోచా లేస్తోంది. ముందు అంచులు లేచాయి. మధ్యలో రెండు చోట్ల మాత్రం ఇంకా లేవలేదు. అవి నా ఎముకలు."

అలా మొదలైంది. మర్నాటినుంచి కనిపించిన ప్రతివాళ్ళనీ పట్టుకుని గడ్డి మీద కూర్చోబెట్టడం, పడుకోబెట్టడం, లేవగానే గడియారం చూడటం. కొలతల పుస్తకంలో భుజం, ఛాతీ, నడుము అని గళ్ళుంటాయి కదా, వాటి పక్కన ఎర్రసిరాతో ఇంకో గడి గీసింది: ఎంతసేపటికి లేచింది. పొద్దున మంచు తడి మీద గడ్డి ముప్పావుగంటలో లేస్తోంది. మిట్టమధ్యాహ్నం అణిగితే సాయంత్రం దాకా లేవదు. ఇదొకటి. ఇంతకన్నా వింత ఇంకొకటి బయటపడింది. మా అందరిలోకీ బరువైన మనిషి క్యాంటీన్ నడిపే పిన్ని. ఆవిడ కూర్చున్న చోట గడ్డి అందరికన్నా ముందు లేచింది. మా అందరిలోకీ బక్కపల్చని మనిషి కాలేజీ తోటమాలి. ఆయన మడమల కింద గడ్డి రెండు రోజులైనా లేవలేదు. బక్కమనిషికి ఇంత బరువెక్కణ్ణించి వచ్చిందని టేపక్క ఆయన్నే అడిగింది. ఆయన తలగుడ్డ తీసి మొహం తుడుచుకుని ఆలోచించాడు.

"నేను ఎక్కడ కూర్చున్నా లేవడానికి రెడీగా కూర్చుంటానమ్మా. బరువంతా మడమల మీదే ఉంచుకుంటా. ఎవరు పిలుస్తారో తెలీదు కదా."

టేపక్క ఆ మాట పుస్తకంలో ఉన్నదున్నట్టు రాసుకుంది. టేపు పెట్టి కొలిస్తే తెలియనిది నేల చెప్తోందని ఆ రోజంతా నాతో అంటూనే ఉంది.

గడ్డి ఎంతైనా లేచిపోతుంది. లేవకుండా నిలిచేది కావాలి. వాగు మలుపులో బూడిదరంగు బంకమట్టి ఉంది. వాలులో మనిషి పట్టేంత గుంట తీసి, దాన్నిండా మెత్తటి బంకమట్టి పరిచి, మనిషిని పడుకోబెడితే ఒంటి అచ్చు పడుతుందని ఆలోచించింది. అనుకున్నదే తడవు పార పట్టుకుని దిగింది. రెండు గుంటలు తవ్వేసరికి తోటమాలి పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఆయన్ని మేం బాబాయ్ అనేవాళ్ళం. ఎన్నడూ గొంతు పెంచని మనిషి.

"కొండ తవ్వి ఎలకని పట్టేవాళ్ళని చూశాను గానీ, గట్టు తవ్వి మనుషుల్ని పడుకోబెట్టేవాళ్ళని చూళ్ళేదమ్మా," అన్నాడు. "ఈ గడ్డి నాలుగేళ్ళు పెంచాను. ఇది లేకపోతే ఒక్క వానకి గట్టంతా వాగులోకి జారిపోద్ది. మీరేమో పైనుంచి కిందకి నిలువుగా తవ్వుతున్నారు. నీళ్ళకి దారి చూపిస్తున్నట్టే."

టేపక్క పార కింద పెట్టేసింది. తప్పు తనదేనని ఒప్పుకుని, మరెలా తవ్వమంటావు బాబాయ్ అని అడిగింది. అడుగుతుందని ఆయన అనుకోలేదేమో, వంగి నేలని ఒకసారి తడిమి చూశాడు. తర్వాత తనే పార అందుకున్నాడు. వాలుకి అడ్డంగా తవ్వాలన్నాడు. జానెడు లోతు దాటకూడదన్నాడు. ముందు గడ్డిని వేళ్ళతో సహా చదరాలు చదరాలుగా కోసి, నీడలో పేర్చి, రోజూ నీళ్ళు చల్లితే, పని అయ్యాక మళ్ళీ తెచ్చి అతికించొచ్చన్నాడు. బట్ట కత్తిరించి మళ్ళీ కుట్టినట్టే కదా అంది టేపక్క. కుట్టు కనపడకూడదు మరి, అన్నాడు ఆయన. ఆ రోజునుంచి ఆయన మధ్యాహ్నం విశ్రాంతి వేళంతా ఆవిడ గుంటల దగ్గరే.

మట్టి తయారు చేయడం రెండు వారాల పని. బుట్టలతో మోసుకొచ్చి, రాళ్ళేరి, నానబెట్టి, తరిగిన ఎండుగడ్డి కలిపి, కాళ్ళతో తొక్కాలి. మేం వంతులేసుకుని తొక్కేవాళ్ళం. మట్టి సిద్ధమైందో లేదో తెలుసుకోవడానికి బాబాయ్ ఒక కొలత చెప్పాడు. వేళ్ళతో మట్టిని నొక్కి, అదే వేళ్ళతో చెవి తమ్మెని నొక్కి చూసుకోవాలి. రెండూ ఒకేలా ఉంటే చాలు. మాలో ఎవరి చెవి చూసినా ఆ రోజుల్లో మట్టే. టేపక్క మోకాళ్ళ దాకా బురదతో ఇల్లు చేరితే అత్తగారు బకెట్టు నీళ్ళు గుమ్మంలోనే పెట్టి, "అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు. నువ్వు రెండూ చేస్తున్నావు, కానివ్వు," అనేదట.

మొత్తం ఏడు గుంటలు. ఆరింటిలో మాలో ఆరుగురిని వెల్లకిలా పడుకోబెట్టింది, ఏడోదాంట్లో తనే పడుకుంది. మట్టి అంటుకోకుండా పైన పాత నూలుగుడ్డ పరిచేది. ఇరవై నిమిషాలు కదలకూడదు. నా వంతు నాకు బాగా గుర్తు. ముందు వీపంతా చల్లబడింది. కాసేపటికి చల్లదనం పోయి, నా కింద ఎవరో అరచేయి పెట్టినట్టు అనిపించింది. తర్వాత ఎక్కడో టక్ టక్ మని చప్పుడు. బాబాయ్ దూరంగా ఏదో కొడుతున్నాడనుకున్నాను. అది నా గుండె, మట్టికి తగిలి తిరిగొస్తోంది. నా ఎడమ భుజం కుడి దానికన్నా కిందికి ఉంటుందని అంతకుముందు నాకు తెలియదు. లేచాక గుంటలో చూస్తే అలాగే ఉంది. నూలుగుడ్డ నేత కూడా మట్టి మీద సన్నగా అచ్చుపడింది.

మాకందరికీ అది గొప్పగా కనిపించింది. ఏడు గుంటలూ వరసగా, తలలన్నీ ఒకే వైపు, కాళ్ళన్నీ ఒకే వైపు. గడువుకి వారం ముందు సారు మొదటి ఏడాది పిల్లల్ని తీసుకుని చూడటానికొచ్చారు. కబుర్లు చెప్పుకుంటూ దిగుతున్న వాళ్ళంతా ఆ వరస కనిపించగానే ఆగిపోయారు.  ఒకమ్మాయి మొహం తిప్పుకుని మెట్ల వైపు వెళ్ళిపోయింది. వాళ్ళ తాతయ్య పోయి ఇరవై రోజులైందని తర్వాత తెలిసింది. క్యాంటీన్ పిన్ని టీ ట్రే పట్టుకుని వచ్చి, దూరంనుంచే చూసి, "అమ్మో, నన్ను అందులో పడుకోమనకండి" అని ట్రే గడ్డి మీద పెట్టేసి వెనక్కి తిరిగింది. మూడు వారాలుగా రోజూ తవ్వుతూ, తొక్కుతూ, పడుకుంటూ ఉన్న మాకు ఒక్కళ్ళకీ తట్టని మాట, ఇప్పుడు అందరి మొహాల్లో కనిపిస్తోంది. అవి గోరీల లాగా ఉన్నాయి.

సారు టేపక్క పక్కన నిలబడ్డారు. "వీటిలో ఇప్పుడు ఎవరున్నారు?"

"ఎవరూ లేరు సార్."

"అదే అందరికీ కనిపిస్తోంది," అన్నారు ఆయన. మూడేళ్ళలో ఒకరి పని చూసి, ప్రశ్న కాని మాట ఆయన ఒకటి అనడం అదే మొదలు.

సాయంత్రానికి ప్రిన్సిపాల్ మేడం కబురు పంపారు, ఎవరైనా పడి కాలు విరగ్గొట్టుకోకముందే గుంటలు పూడ్చేయమని. బాబాయ్ నీడలోంచి గడ్డి చదరాలు మోసుకురావడం మొదలుపెట్టాడు. టేపక్క మొదటి ఏడాది అమ్మాయిని వెతుక్కుంటూ వెళ్ళి, మెట్ల మీద ఆ పిల్ల పక్కన కూర్చుంది. ఏం మాట్లాడిందో తెలియదు. తిరిగొచ్చి, మూడు గుంటలు పూడ్చండి, మిగతా నాలుగూ రేపటిదాకా ఉంచమని మేడంని నేను అడుగుతాను, అంది. మేడం రెండు రోజులిచ్చారు.

ఇంటికెళ్ళి కాళ్ళు కడుక్కుంటూ జరిగిందంతా అత్తగారికి చెప్పింది. ఆవిడ విని, దగ్గొచ్చేదాకా నవ్వింది.

"మరి గోరీ అనుకోరా? కాళ్ళు బారచాపి, చేతులు పక్కన పెట్టి, ఆకాశం కేసి చూస్తూ పడుకోబెట్టావు. బతికున్నవాళ్ళు ఎవరే అలా పడుకునేది? నేను ఎలా పడుకుంటానో పాతికేళ్ళనుంచి చూస్తున్నావు కదా?"

 టేపక్క చూసిందా అంటే చూసింది. ఎలా అంటే చెప్పలేకపోయింది. అత్తగారు అక్కడే మంచం మీద పడుకుని చూపించింది. కుడి పక్కకి తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని, ఒక చెయ్యి చెంప కింద, రెండో చెయ్యి మోకాళ్ళ సందున. ఆ గదిలోనే పడక్కుర్చీలో భర్త కునుకుతున్నాడు, తల ఒక పక్కకి వాల్చి, ఒక పాదం మీద ఇంకో పాదం వేసి, బస్సులో బ్రేకు తొక్కినట్టు మునివేళ్ళు బిగబట్టి. టేపక్క కొలతల పుస్తకం తెచ్చుకుని ఇద్దరి బొమ్మలూ వేసుకుంది.

మర్నాడు అత్తగారు తనే వస్తానని పట్టుబట్టింది. బావగారు తన బస్సులోనే ముందు సీట్లో కూర్చోబెట్టి, కాలేజీ స్టాపులో చెయ్యి పట్టి దింపి వెళ్ళాడు. ఆవిడ వాలు దిగడానికి మాకు పావుగంట పట్టింది. అటొకరం, ఇటొకరం పట్టుకున్నాం. తీసిపెట్టిన గుంటలు చూపిస్తే ఆవిడకి ఒక్కటీ నచ్చలేదు. ఇక్కడ ఎండ కళ్ళలో పడుతుంది, అక్కడ తల పల్లానికి వస్తుంది అని ఒక్కొక్కదానికీ ఒక వంక. కర్రతో పొడుస్తూ, ఆగుతూ, ఒక చోట నిలబడి వాగు చప్పుడు విని, ఇక్కడ తియ్యండి అంది. బాబాయ్ అరగంటలో తీశాడు. మట్టిని ఎండలో కాసేపు కాగనిచ్చి, నింపి, గుడ్డ పరిచాం. ఆవిడ పక్కకి ఒరిగింది, సర్దుకుంది, మోకాళ్ళు ముడుచుకుంది, చెంప కింద చెయ్యి పెట్టుకుంది. ఇరవై నిమిషాలు కదలొద్దని టేపక్క చెప్తుండగానే చిన్నగా గురక వినిపించింది.

లేపడానికి ఎవరికీ మనసొప్పలేదు. గంటా పది నిమిషాలు పడుకుంది. అంతసేపూ మేం గుసగుసలతోనే మాట్లాడుకున్నాం. టేపక్క మాత్రం అత్తగారి పక్కనే కూర్చుని, ఊపిరితో పాటు మట్టి అంచు వెంట్రుకవాసి కదలడం చూస్తూ ఉంది. పాతికేళ్ళలో ఈ మనిషి పక్కన ఊరికే కూర్చోవడం ఇదే మొదటిసారని తర్వాత నాతో అంది.

ఆవిడ లేచాక చూస్తే గుంటలో అంతా ఉంది. తుంటి దిగిన లోతు, భుజం గుండ్రం, రెండు మోకాళ్ళు, చెంప, చెంప కింద నాలుగు వేళ్ళు. అప్పుడే క్యాంటీన్ పిన్ని వచ్చింది, ముసలావిడకి టీ ఇద్దామని. గ్లాసు చేతికిచ్చి, గుంట వైపు వంగి చూసింది. ఎవరూ అడక్కుండానే చెప్పులు విప్పి, పక్కకి తిరిగి అందులో ఒరిగింది. కాస్త ఇరుకైంది, అయినా సర్దుకుంది.

"చెయ్యి పెట్టుకోడానిక్కూడా చోటుంది," అంది కళ్ళు మూసుకుని.

నిన్న పారిపోయిన మనిషి ఇవాళ లేవనంటోంది. టేపక్క పిన్నిని చూసింది, గుంటను చూసింది, పాత నాలుగు గుంటల్నీ ఇవాళే పూడ్చేద్దాం బాబాయ్ అంది.

మిగిలింది అయిదు రోజులు. ఈసారి ఎవరినీ ఎలా పడుకోవాలో చెప్పలేదు. నువ్వు అలసిపోతే ఏం చేస్తావు అని అడిగేది, అంతే. ఇది వినడానికి తేలిక, జవాబు చెప్పడమే కష్టం. మాలో ఒకడు సిగ్గుపడి ఒక రోజంతా తప్పించుకు తిరిగాడు. బాబాయ్ నిట్టనిలువు గట్టుకి వీపు ఆన్చి గొంతుక్కూర్చుంటాడు. అందుకని ఆయన అచ్చు నేల మీద కాకుండా గట్టులోనే పడింది, కింద రెండు లోతైన మడమలతో. పిన్నిది కాళ్ళు చాపి, మోచేతులు వెనక్కి ఆన్చిన అచ్చు. నేను బోర్లా పడుకుని గడ్డం కింద రెండు పిడికిళ్ళు పెట్టుకుంటానని నాకే అప్పుడు తెలిసింది. బావగారు డ్యూటీకీ డ్యూటీకీ మధ్య యూనిఫారం మీదే వచ్చి, అరగంట తల వాల్చి వెళ్ళాడు. గుంటలు వరసగా లేవు. ఎవరికి ఎక్కడ బాగుందనిపిస్తే అక్కడ, ఒకటి చెట్టు మొదట్లో, ఒకటి నీళ్ళకి దగ్గరగా. ప్రిన్సిపాల్ మేడం చూడటానికొచ్చి, లోతు ఎంతుందో కర్రతో కొలిపించి, ఇవి పరవాలేదు అన్నారు. పోతూ పోతూ పిన్ని అచ్చులో మోచేతులు ఎక్కడ వస్తాయో వంగి చూశారు.

చూపించే రోజు జనం బాగానే వచ్చారు. మా అమ్మానాన్నలు, చుట్టుపక్కల వీధుల వాళ్ళు, వేరే కాలేజీల పిల్లలు. నా పుల్లల గూడు దగ్గర మనిషికి నిమిషం నిలబడితే, టేపక్క గుంటల దగ్గర వంతు కోసం ఆగారు. మొదట చిన్నపిల్లలు దూరారు, తర్వాత వాళ్ళ అమ్మలు. ఏడో నెల గర్భంతో ఉన్న ఒకావిడ ముసలావిడ గుంటలో పక్కకి ఒరిగి, నెల రోజుల తర్వాత ఇప్పుడే నడుముకి సుఖంగా ఉందంది. ఒక భారీ మనిషి బాబాయ్ అచ్చులో ఇరుక్కుని లేవలేకపోతే ఇద్దరం చేతులు పట్టి లాగాం. టేపక్క వెంటనే మోకాళ్ళ మీద కూర్చుని, తడిచేత్తో భుజాల దగ్గర మట్టి వెనక్కి నొక్కి, "లూజు చేశాను, ఇప్పుడు చూడండి" అంది. ఆయన మళ్ళీ కూర్చుని, సరిపోయింది అన్నాడు. ఆ రోజు అలాంటి ఆల్టరేషన్లు ఆరేడు చేసింది.

తాతయ్య పోయిన అమ్మాయి సాయంత్రం వచ్చింది. ఏ గుంటలోకీ దిగలేదు. చెట్టు కింద దాని అంచున కూర్చుని, మట్టిలో వేళ్ళ అచ్చు ఉన్న చోట తన వేళ్ళు పెట్టి చూసుకుంది. టేపక్క దూరంనుంచి చూసింది కానీ దగ్గరికి వెళ్ళలేదు.

అందరూ వెళ్ళిపోతుండగా సారు వచ్చారు. ఎప్పట్లాగే చేతులు వెనక్కి కట్టుకుని గుంటలన్నీ చూశారు. మేం ప్రశ్న కోసం ఎదురుచూస్తున్నాం. ఆయన బూట్లు విప్పారు. "నేను ఎలా విశ్రాంతి తీసుకుంటానో నాకు తెలియట్లేదు. కనుక్కోవచ్చా?" అన్నారు. మిగిలిన మట్టి కొంచెమే ఉంది. నీళ్ళకి దగ్గరగా పరిచి ఇచ్చాం. ఆయన కూర్చున్నారు, పడుకున్నారు, మళ్ళీ లేచి కూర్చున్నారు, ఎటూ కుదరలేదు. చివరికి మోకాళ్ళు దగ్గరికి తీసుకుని, వాటి మీద నుదురు ఆన్చి ఉండిపోయారు. మేం చప్పుడు చేయకుండా పైకొచ్చేశాం.

మార్కుల్లో టేపక్కకి రెండో స్థానం వచ్చింది. మొదటిది వాగు నీళ్ళలో నీడలతో పనిచేసిన కుర్రాడికి. ఆవిడకి ఆ బాధేమీ లేదు. ఆవిడ ధ్యాస అంతా గుంటల మీదే. పని అయ్యాక నేల మళ్ళీ నేల కావాలని కదా నియమం. గడ్డి చదరాలు వెంటనే పరిచేద్దామా అని బాబాయ్ అడిగితే, అలా వద్దు, ఎలా పూడుతుందో చూద్దాం, గట్టుకి ముప్పనిపిస్తే అప్పుడు పరుద్దాం అంది. వానలు మొదలయ్యాయి. ప్రతి శనివారం వెళ్ళి చూసొచ్చేది. బావగారి అచ్చు మొదటి వానకే కరిగిపోయింది. నాదాంట్లో నీళ్ళు నిలిచి రెండు కప్పలు చేరాయి. బాబాయ్ వీపు గట్టులో ఉండటంతో వాన తగలక చాలాకాలం నిలిచింది. ఇంటికి రాగానే అత్తగారు అడిగేది, "నేనెంతవరకు పోయాను?" అని.

"మోకాళ్ళు పూడిపోయాయి అత్తయ్యా. తుంటి దగ్గర గడ్డి మొలిచింది. చెంప ఇంకా ఉంది."

"చెంప ఉంటే చాల్లే," అనేది ఆవిడ. ఒకసారి మాత్రం నవ్వకుండా, పూర్తిగా పోయిన రోజున నన్ను తీసుకెళ్ళి చూపించు అంది. పదకొండో వారం తీసుకెళ్ళింది. అక్కడ ఏమీ లేదు. గడ్డి చుట్టుపక్కల కన్నా కొంచెం ముదురాకుపచ్చగా ఉంది, అంతే. ముసలావిడ కర్రతో తట్టి చూసి, నేల గట్టిపడింది అంది. ఇద్దరూ కాసేపు వాగు ఒడ్డున కూర్చుని, అయిదింటి బస్సుకి వచ్చేశారు.

చదువైపోయి ఆరేళ్ళయింది. టేపక్క ఇప్పటికీ వారంలో నాలుగు రోజులు బట్టలు కుడుతుంది. మిగతా రోజులు పార్కుల వాళ్ళ పని. పిల్లలు ఆడుకునే తోటల్లో, ఆసుపత్రి వెనక ఆవరణలో మట్టితో ఇలాంటి చోట్లు చేస్తుంది, ఏటా వానల తర్వాత మళ్ళీ కొత్తగా. తోటమాలి బాబాయ్ రిటైరయ్యాక ఆవిడతోనే తిరుగుతున్నాడు. ఆయన ఒప్పుకోని వాలులో ఆవిడ పార దించదు.

పోయిన నెల బస్టాపులో కనిపించింది. పలకరించేలోపే నా కాళ్ళ వైపు వేలు చూపించి, అలాగే ఉండు, కదలకు అంది. బస్సు కోసం నిలబడ్డవాళ్ళలో ఎవరు ఏ కాలి మీద బరువు వేస్తారో, ఎంతసేపటికి కాలు మారుస్తారో చూస్తోందట. రెండు నెలలుగా ఇదే పని. స్టాపు వెనక తడిమట్టి పరిచి అడుగుల అచ్చులు తీసుకోవడానికి అనుమతి కోసం తిరుగుతోంది. బస్సు త్వరగా రావాలనుకునేవాళ్ళ మునివేళ్ళు దిగుతాయనుకున్నాను గానీ అలా లేదు, ఇంకేదో ఉంది, అంది.

"నువ్వు ఎదురుచూసేటప్పుడు ఏ కాలి మీద నిలబడతావు?"

కుడికాలనుకుంటా అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, నువ్వు వచ్చినప్పటినుంచి చూస్తున్నాను, ఎడమకాలే, మధ్యలో ఒక్కసారి కూడా మార్చలేదు, అంది. ఎందుకో నీకేమైనా తెలుసా అని అడిగింది. నాకు తెలియదు. ఇంతలో నా బస్సొచ్చింది. ఎక్కి కిటికీలోంచి చూస్తే, ఆవిడ అప్పటికే పక్కనున్న పెద్దమనిషి బూట్ల వైపు చూస్తోంది.